గొంతు తగ్గించి అడిగే మాట

మా ఊరి మనుషులు గొర్రెల సంతలో గొంతు చించుకుని అరుస్తారు. అదే మనుషులు భోజనం ముగించి బిల్లు అడగాల్సి వచ్చేసరికి గుసగుసల్లోకి దిగిపోతారు. తిన్నదానికి డబ్బు కట్టడమంటే పదిమంది ముందూ ఎత్తకూడని ప్రస్తావన అన్నట్టు ఉంటుంది వాళ్ళ వాలకం. "తొందరేం లేదండీ, మీకు వీలున్నప్పుడే, కాస్త బిల్లు..." అని సగం మాట మింగేస్తారు. కొందరు ఆ మాత్రం కూడా అనరు, గాలిలో వేలితో సంతకం పెట్టి చూపిస్తారు. ఇంకొందరు "పాపం, మిమ్మల్ని చాలాసేపు నిలబెట్టేశాం" అంటూ కోటు వైపు చూస్తారు. అన్నిటికీ అర్థం ఒకటే. నేను వంటింట్లోంచి చూస్తూ, అడిగి చావచ్చు కదా అని విసుక్కునేదాన్ని. నేనూ ఇక్కడ పుట్టినదాన్నే, బయట తింటే నేనూ అలాగే గొణుగుతాను.

ఈ గొణుగుళ్ళను ఇరవై ఆరేళ్ళపాటు ఒక్కటీ జారిపోకుండా పట్టుకున్న మనిషి బెరిల్ హాస్కిన్స్. ఇంగ్లండులోని మా ఊరు లెమ్‌స్టర్‌లో బ్లాక్ హెన్ అనే రెస్టారెంటులో ఆమె హెడ్ సర్వరు, నేను వంటమనిషిని. పొట్టి మనిషి, నడక మాత్రం చురుకు. భర్త లెన్ పోయాక పిల్లాజెల్లా లేని ఆ ఇంట్లో ఆమెకు నిద్ర తప్ప మరో పని ఉండేది కాదు. బతుకంతా ఆ పదకొండు బల్లల మధ్యే. ఇద్దరు రైతులు బిల్లు నేనిస్తానంటే నేనిస్తానని పెనుగులాడుతుంటే, వాళ్ళలో ఎవరు నిజంగా ఇవ్వాలనుకుంటున్నారో, ఎవరు మాటవరసకు అంటున్నారో ముఖం చూసి చెప్పేది. బిల్లున్న సాసర్ సరిగ్గా ఇవ్వాల్సినవాడి ముందే పెట్టేది. అవతలివాడి ముఖంలో కనిపించే ఊరటను నాకు అభినయించి చూపించి నవ్వించేది.

బిల్లు ఇచ్చేటప్పుడు "అంతా బాగుందా అండీ?" అని అడగడం ఆచారం. "చాలా బాగుంది, థాంక్స్" అనడం కూడా ఆచారమే. ఒకసారి నేను ఆపిల్ క్రంబుల్‌లో పంచదారకు బదులు ఉప్పు వేసి పంపాను. తొమ్మిది మంది తిన్నారు. తొమ్మిది మందీ చాలా బాగుందన్నారు. ఒకావిడ ఎలా చేశారో కనుక్కోమంది కూడా. కాబట్టి ఆ మాటను మేమెవరమూ లెక్కలోకి తీసుకోం. బెరిల్ మాత్రం ఒకే ఒక్కరు అంటే దాన్ని నిజమని నమ్మేది. ఆ ఒక్కరు ఎనిడ్ ప్రోథెరో.

ఎనిడ్, బెరిల్ బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఎనిడ్ పశువుల డాక్టరును చేసుకుని కొండ మీద పెద్దింటికి వెళ్ళింది. బెరిల్ ట్రే పట్టుకుంది. అయినా ఇద్దరి మధ్యా తేడా రాలేదు. ప్రతి శుక్రవారం ఎనిడ్ దంపతులు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని గొర్రె మాంసం రోస్ట్ తినేవాళ్ళు. బెరిల్ ఆ బల్ల ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

బెరిల్‌కు అరవై దాటాక వినికిడి తగ్గడం మొదలైంది. చెవుడు ఒక్కసారిగా వస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆమెకు కొద్దికొద్దిగా వచ్చింది, అందుకే తెలియలేదు. ముందు నేను ప్లేట్లు అందించే కిటికీ దగ్గర కొట్టే గంట ఆమెకు వినిపించడం మానేసింది. నేను గరిటెతో గట్టు మీద బాదడం అలవాటు చేసుకున్నాను. ఎదురుగా నిలబడి మామూలుగా మాట్లాడితే ఆమెకు బాగానే వినిపించేది. వినిపించనిది గుసగుసే. మా జనం గుసగుసగా అడిగేదేమో బిల్లు!

మరో చోటైతే మొదటిసారి వినిపించకపోతే రెండోసారి గట్టిగా పిలుస్తారు. మావాళ్ళు రెండోసారి ఇంకా మెల్లగా అడుగుతారు, మొదటిసారి అడిగినందుకే సిగ్గుపడి. మూడోసారి అసలు అడగరు. ఖాళీ కప్పుల ముందు అరగంట, ముప్పావుగంట అలా కూర్చుంటారు. ఒక జంటకు దీనివల్ల పక్క పట్నం హెరెఫర్డ్ వెళ్ళే రైలు తప్పిపోయింది. చివరికి బెరిల్ అటు వెళ్తే, శ్రమ ఇచ్చినందుకు క్షమించమని వాళ్ళే ఆమెను వేడుకున్నారు.

ఏదో తేడాగా ఉందని బెరిల్‌కు లీలగా తెలుస్తూనే ఉంది. జనం తనను చూసే చూపు మారింది. ఏం మారిందో అంతుపట్టలేదు. మార్చిలో ఒక శుక్రవారం ఎనిడ్ భర్త కారు తేవడానికి బయటికి వెళ్ళినప్పుడు, ఆమె పక్కన కుర్చీలో కూర్చుని అడిగేసింది.

"ఎనిడ్, దాచకుండా చెప్పవే. నా పనిలో ఏమైనా తేడా వచ్చిందా?"

"నీ పనిలోనా? నువ్వే లేకపోతే మేమిక్కడికి ఎందుకొస్తామే? ఎప్పట్లాగే బంగారంలా చేస్తున్నావు" అంది ఎనిడ్, ఆమె చేతి మీద చెయ్యి వేసి.

బెరిల్ వంటింట్లోకి వచ్చి ఆ సంగతి నాకు చెప్పింది. గుండె మీది బరువు దిగినట్టు ఆ మధ్యాహ్నమంతా కూనిరాగం తీసింది. నేను గిన్నెలు తోముతూ విన్నాను.

మే నెలలో ఒక సోమవారం ఉదయం, తలుపులు తెరవకముందే క్లైవ్ ఆమెను తన గదిలోకి పిలిచాడు. తండ్రి తర్వాత రెస్టారెంటు చేతికొచ్చిన కుర్రవాడు అతను. మనసు చెడ్డది కాదు, వెన్నెముకే లేదు. మీరు చాలా ఏళ్ళు కష్టపడ్డారు, ఇక విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందేమో అంటూ చుట్టూ తిప్పి చెప్పాడు. ఎందుకని బెరిల్ నిలదీసింది. ఫిర్యాదులొచ్చాయన్నాడు. చూపించమంటే మూడు ఉత్తరాలు బల్ల మీద పెట్టాడు. పేరు బయటపెట్టొద్దని రాసినావిడ కోరిందట. అందుకని అడుగున సంతకాలు కత్తెరతో నీట్‌గా కత్తిరించి ఉంచాడు. మర్యాదస్థుడు.

సంతకంతో పనేముంది? నలభై ఏళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కూ ఆ చేతిరాతతోనే బెరిల్‌కు కార్డు వస్తోంది. మూడు ఉత్తరాలూ ఒకేలా మొదలయ్యాయి: చిన్న విషయానికి గొడవ చేయడం నా స్వభావం కాదు, కానీ. వడ్డించే ఆవిడకు శ్రద్ధ తగ్గిందని, పిలిస్తే పలకదని, అతిథులను తీసుకొస్తే తలవంపులుగా ఉందని. రెండో ఉత్తరం మీద తేదీ చూసి బెరిల్ కుర్చీలో కూలబడింది. అది తాను ఎనిడ్‌ను అడిగిన శుక్రవారమే. చేతి మీద చెయ్యి వేసిన మనిషి ఇంటికెళ్ళి, టీ పెట్టుకుని, ఆ సాయంత్రమే కలం పట్టుకుంది.

నెలాఖరుకు బెరిల్ ఉద్యోగం పోయింది. జూన్‌లో మోకాలి నొప్పికని వెళ్తే డాక్టరు రెండు మాటలు మాట్లాడి, మీ చెవులు పరీక్ష చేయించుకోండి అన్నాడు. ఆగస్టుకల్లా చెవి వెనక మిషన్ వచ్చింది, పైసా ఖర్చు లేకుండా. మార్చిలో ఒక్క ముక్క చెప్పి ఉంటే మే నెలకల్లా ఆ పదకొండు బల్లలూ మళ్ళీ ఆమె చెప్పుచేతల్లో ఉండేవి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సెప్టెంబరులో ఎనిడ్ ఫోన్ చేసింది. వాళ్ళిద్దరూ ఏడాదికి రెండుసార్లు హెరెఫర్డ్‌లో కలిసి భోంచేసేవాళ్ళు. ఒకసారి బిల్లు ఒకరు కడితే మరుసటిసారి రెండోవాళ్ళు. ఈసారి వంతు ఎనిడ్‌ది. బెరిల్ వెళ్ళింది. ఉత్తరాల సంగతి ఎత్తకుండా చేప తిన్నది, మనవల కబుర్లు విన్నది. క్లైవ్ నిన్ను అలా పంపేయడం ఘోరమని ఎనిడ్ అంటుంటే ఆ మాటా విన్నది. ఇప్పుడు చెప్తుందేమో, ఇప్పుడు చెప్తుందేమో అని టీ దాకా ఎదురుచూసిందట. చెప్పి ఉంటే క్షమించేసేదాన్ని అని నాతో అంది. బిల్లు వచ్చింది. ఎనిడ్ చెయ్యి చాపి, "ఉండు, నేనిస్తాలే, ఈసారి నాదేగా" అంది.

"నీ చేతిరాత నాకు తెలీదనుకున్నావా?" అంది బెరిల్.

ఎనిడ్ ముఖం పాలిపోయింది. "నీ మనసు నొప్పించడం ఇష్టంలేక..." అంది.

"నేను నిన్ను అడిగాను కదే. నొప్పించమనే అడిగాను."

ఆ తర్వాత బెరిల్ బిల్లులో సగం చిల్లరతో సహా లెక్కపెట్టి బల్ల మీద ఉంచింది. బయటివాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు, ఈ రోజుల్లో అందరూ సగం సగం వేసుకుంటారు. కానీ వంతులు పెట్టుకున్న స్నేహితుల మధ్య తర్వాతి భోజనం ఎప్పుడూ ఒకరి మీద మిగిలి ఉంటుంది. సగం కట్టేస్తే ఇక ఎవరి మీదా ఏమీ ఉండదు. ఎనిడ్‌కు అది అర్థమై, అందరిలో ఏడ్చిందట. బెరిల్ బస్సెక్కి తిన్నగా మా ఇంటికి వచ్చింది.

ఇదంతా మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని నాకు చెప్పింది. నేను ఎనిడ్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఎంత గుండెలు తీసిన బంటు అన్నాను. నీ ఉప్పు తిని నీకే ద్రోహం చేసిందన్నాను. బెరిల్ నన్ను ఆపలేదు. నా తిట్లు అయిపోయాక తలెత్తి, నెమ్మదిగా అడిగింది.

"ఐవీ, ఆ వంటింటి కిటికీ దగ్గర రోజంతా నువ్వే ఉండేదానివి. నీకు తెలుసా?"

తెలుసు. మూడేళ్ళుగా తెలుసు. గంట మానేసి గరిటె పట్టుకున్న రోజు నుంచీ తెలుసు. కొత్తగా చేరిన పిల్లలకు, ఆవిడకు ఎదురుగా నిలబడి మాట్లాడండి, పక్కనుంచి వినపడదు అని చెప్పింది నేనే. ఆమె కూనిరాగం తీసిన ఆ మధ్యాహ్నం కూడా నోరు మూసుకుని గిన్నెలు తోముకున్నాను.

"లేదు బెరిల్. నాకసలు ఏమీ తెలీదు. నువ్వెప్పుడూ బాగానే చేశావు" అన్నాను.

ఆ మిషన్ మంచిది, ఆమెకిప్పుడు గొంతులో వణుకు కూడా వినిపిస్తుంది. నా ముఖంలోకి కాసేపు చూసి, లేచి కోటు వేసుకుంది. ఆమె మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.