చిన్నమ్మ ఎత్తుకున్న బిడ్డ

"అన్నా, అమ్మ పోయింది" అని పాప ఫోనులో చెప్పినప్పుడు నేను కోయంబత్తూరులో మిల్లు గేటు దగ్గర నిలబడి లారీలోకి నూలు మూటలు ఎక్కిస్తుంటే చూస్తున్నాను. పాప ఏడవలేదు. ఎప్పుడని అడిగితే, "ఇప్పుడే. కాపీ అడిగింది. కాచి తెచ్చేలోపల పోయింది. నువ్వు సీక్రం రావల్ల. కొరివి పెట్టేదానికి ఇంకెవురుండారు?" అంది.

పాప అంటే మా చిన్నమ్మ కూతురు. చిన్నమ్మకు పుట్టింది ఆ ఒక్క బిడ్డే. అయినా మా ఊరు తేనిలో ఆ రోజు పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ, "ఆయమ్మకి ఇద్దరు బిడ్డలు" అన్నారు. ఆ రెండో బిడ్డను నేను. పాప ఆ మాట వింటూనే వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తూ తిరిగింది. నాకు తలెత్తి ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

మా నాయన, చిన్నాయన కలిసి తేనిలో ఏలక్కాయల మండీ నడిపేవారు. ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే. మా అమ్మకు ఉబ్బసం. చలికాలం వస్తే మంచం దిగేది కాదు. ఆండిపట్టి పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చిన చిన్నమ్మే నాకు నీళ్ళు పోసింది, అన్నం పెట్టింది, బడికి పంపింది. నేను ఏడుస్తూ ఇంటికొస్తే ఎందుకని అడిగేది కాదు. "ముందు తిను సామీ, తరవాత ఏడువు" అని కంచం ముందు పెట్టేది. తిన్నాక ఏడుపు గుర్తుండేది కాదు.

ఆమెకు తమిళం బాగా వచ్చు, కానీ కోపం వస్తే తెలుగే వచ్చేది. కూరగాయల బండివాడితో తెలుగులో పోట్లాడేది. వాడు తమిళంలో జవాబిచ్చేవాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. చివరకు వాడు కొసరుగా వేసే కరివేపాకు తీసుకొని నవ్వుతూ లోపలికి వచ్చేది. చీర ఎప్పుడు మార్చినా ఆమె దగ్గర ఏలక్కాయల వాసన పోయేది కాదు. మండీ నుంచి వచ్చిన గోనెసంచులు ఉతికి ఆరేసేది ఆమే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు విషజ్వరం వచ్చి తగ్గింది. నేను బతికితే తిరుచెందూరులో సూరసంహారం, స్వామి సూరుడనే రాక్షసుణ్ణి చంపే పండగ, చూపిస్తానని మా అమ్మ మొక్కుకుంది. ఆ యేడు దీపావళి పోయాక అందరం వ్యానులో బయలుదేరాం. తిరుమంగళం దాటాక ఒక చింతచెట్టు కింద ఆపి, చిన్నమ్మ కట్టి తెచ్చిన పులిహోర తిన్నాం. అప్పటికి పాపకు ఆరేళ్ళు. కొత్త పావడా కట్టుకుని, సముద్రం వచ్చిందా, సముద్రం వచ్చిందా అని దారిపొడుగునా అడుగుతూనే ఉంది.

తిరుచెందూరు చేరేసరికి అమ్మకు ఆయాసం ఎక్కువైంది. సత్రంలో పడుకోబెట్టాం. సముద్రం ఒడ్డుకు పోయేముందు అమ్మ నా చెయ్యి పట్టి చిన్నమ్మ చేతిలో పెట్టి, "వీణ్ని నీకప్పగిస్తా ఉండా" అంది.

"ఏమక్కా, కొత్తగా చెప్తావు" అని చిన్నమ్మ నవ్వింది.

ఆ ఇసుకలో ఎంత జనమో చెప్పలేను. సూరుడి బొమ్మను మోసేవాళ్ళు ముందుకు ఉరికితే జనం వెనక్కి, వాళ్ళు వెనక్కి తగ్గితే జనం ముందుకు. నాయనా చిన్నాయనా చోటు చూడడానికి ముందు పోయారు. చిన్నమ్మ ఒక చేత నన్ను, ఒక చేత పాపను పట్టుకుని నిలబడింది. బొమ్మకున్న సూరుడి తల తీసి ఇంకో తల పెట్టారు. అందరూ ఒక్కసారిగా అరిచారు. వెనక నుంచి తోపు వచ్చింది. నేను మోకాళ్ళ మీద పడ్డాను. మరుక్షణం చిన్నమ్మ నన్ను రెండు చేతులతో లేపి భుజం మీదకు ఎత్తుకుంది.

రెండు చేతులతో. ఆ రెండో చెయ్యి అంతవరకు ఎక్కడుందో అప్పుడు నాకు తోచలేదు. పైనుంచి నాకు అంతా బాగా కనిపించింది. స్వామి, వేలాయుధం, దూరంగా సముద్రం. నేను చప్పట్లు కొట్టాను. నా కింద చిన్నమ్మ "పాపా, పాపా" అని అరవడం ఆ గోలలో నాకే చాలాసేపటికి వినబడింది.

నాయనా చిన్నాయనా వచ్చి కలిశాక, జనం పలచబడేవరకు వెతికాం. మైకులో పోలీసులు తప్పిపోయిన పిల్లల గురించి చెబుతూనే ఉన్నారు. ఆంధ్రా నుంచి వచ్చిన భక్తుల ఆడపిల్ల ఒకతి మా దగ్గరుంది, వచ్చి తీసుకుపొమ్మని మళ్ళీ మళ్ళీ అంటున్నారు. మా నాయన విన్నాడు, చిన్నాయన విన్నాడు. పాపం ఎవరి బిడ్డో అనుకుని ముందుకు సాగారు. మేము తరతరాలుగా తమిళ దేశంలో ఉన్న తెలుగువాళ్ళం, ఆంధ్రా మొహం ఎరగం. చిన్నమ్మ ఉన్నట్టుండి నిలబడిపోయింది. "ఆంధ్రా లేదు, గీంద్రా లేదు. అది మన పాప! దానికి తమిళం సరిగ్గా రాదు కదా, మన మాటే మాట్లాడుంటాది!" అని పరుగెత్తింది. నేను ఇంకా ఆమె చంకలోనే ఉన్నాను.

పోలీసుల పందిట్లో పాప బల్ల మీద కూర్చుని ఉంది. ఎడమ మోచెయ్యి వాచి కుండలా ఉంది. ఎవరో తొక్కారు. చిన్నమ్మ దగ్గరికి పోతే పాప ఆమెను చూడలేదు, ఆమె చంకలో ఉన్న నన్ను చూసింది. "అన్నని ఎత్తుకొంటివి. నన్ను వదిలేస్తివి" అంది. తర్వాత చిన్నాయన దగ్గరికి పోయింది. తేని చేరేవరకు ఆయన ఒళ్ళోంచి దిగలేదు.

సత్రంలో మా అమ్మ చిన్నమ్మను కావలించుకుని ఏడ్చింది. "నీ బిడ్డని వదిలి నా బిడ్డని కాపాడినావు. ఈ రుణం నేనెట్ల తీర్చేది?" అంది. అక్కడితో ఆగలేదు. ఇంటికి ఎవరు వచ్చినా నాయన ఆ కథ చెప్పేవాడు. పెళ్ళిళ్ళలో చెప్పేవాడు, మండీలో చెప్పేవాడు. అందరూ చిన్నమ్మను దేవత అనేవారు. చాలాసార్లు పాప అక్కడే, గడప దగ్గర, పుస్తకం పట్టుకుని కూర్చుని ఉండేది. చిన్నమ్మ ఆ మాట పూర్తికాకముందే లేచి వంటింట్లోకి పోయేది. సిగ్గుపడుతోందని అందరూ అనుకున్నారు.

పాప మోచెయ్యి అతుక్కుంది కానీ పూర్తిగా చాచడానికీ మడవడానికీ రాదు. ఆ చెయ్యి తల వెనక్కి పోదు, జడ వేసుకోలేదు. అందుకని ప్రతి పొద్దునా చిన్నమ్మే వేసేది. వాకిట్లో మెట్టు మీద చిన్నమ్మ, కింది మెట్టు మీద పాప. దువ్వెన చప్పుడు మాత్రం వినిపించేది. చిక్కు తీసేటప్పుడు నొప్పి తెలియకుండా చిన్నమ్మ కుదుళ్ళను పిడికిట్లో పట్టుకునేది. పాప కాలేజీకి వెళ్ళి జుట్టు కత్తిరించుకునేవరకు అది నడిచింది. కత్తిరించుకుని వచ్చిన రోజు చిన్నమ్మ, "బాగుండాదే" అని మాత్రం అంది. మర్నాడు పొద్దున అదే వేళకు ఊరకే ఆ మెట్టు మీద కూర్చుని ఉండడం నేను చూశాను.

నేను పెరిగి కోయంబత్తూరు వచ్చాను. పాప తేనిలోనే బ్యాంకులో చేరింది. పెళ్ళి చేసుకుంది. చిన్నాయన పోయాక తల్లిని తన దగ్గర పెట్టుకుంది. మందులు, ఆస్పత్రి, అన్నీ వేళకు జరిగేవి. ఏ లోటూ లేదు, ఒక్క మాటలకు తప్ప. నేను పండ్లు పట్టుకుని నెలకోసారి పోయేవాణ్ణి. నన్ను చూస్తే చిన్నమ్మ ముఖం వెలిగేది. ఆ వెలుగును పాప చూస్తుందేమోనని నాకు భయంగా ఉండేది.

పోయిన యేడు ఒక సాయంత్రం, పాప ఇంకా బ్యాంకు నుంచి రాలేదు, చిన్నమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. అప్పుడు అడిగాను.

"చిన్నమ్మా, ఆ పొద్దు నన్నెందుకు ఎత్తుకొంటివి?"

చేతిలోని కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది.

"మీ అమ్మ అప్పగించింది కదా. ఇంకొగరి బిడ్డని ముందు చూడల్ల. అట్లని అందరూ చెప్పిరి. నేనూ ఆమా, అదే నిజం అంటిని." చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది. "నిజం అది కాదు సామీ. నాకు పయమేసింది. పెద్దోళ్ళ యింటి ఒక్క మగబిడ్డ. నిన్ను పోగొడితే ఆ యింట్లో నాకు నిలిచే చోటు యాడుంటాది? పాప పోతే నేనొకతే ఏడ్చుకుంటా ఉందును, ఎవురూ నన్నడగరు. ఆ లెక్క నా చేతికి తెలిసిపోయింది. నేను ఆలోచించే లోపల అది పని చేసేసింది."

"పాపకి చెప్పినావా?"

"యే మొహం పెట్టుకొని చెప్పేది?" అంది. "నువ్వు మంచోడివి, నువ్వు బాధపడొద్దు" అని నా తల నిమిరింది. ఓదార్పు మళ్ళీ నాకే దక్కింది.

ఆమె చితికి నేను నిప్పు పెట్టాను. మా వైపు ఆడవాళ్ళు కాటికి రారు కాబట్టి పాప వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. కానీ అస్థికలు సముద్రంలో కలపాలన్నప్పుడు, "నేనూ వస్తా. తిరుచెందూరికే పోదాం" అంది. అన్నేళ్ళలో ఆ ఊరి పేరు ఆమె నోట వినడం అదే మొదలు.

చిన్నమ్మ సంతకు తీసుకుపోయే వైరు బుట్టలో కుండ పెట్టుకుని బస్సులో వెళ్ళాం. పండగ లేని రోజు. ఒడ్డున కొంతమందే ఉన్నారు. పాప నడుముదాకా నీళ్ళలోకి దిగి, కుండ తానే వదిలింది. పైకి వచ్చి తడిబట్టలతోనే ఇసుకలో కూర్చుంది. నేను చిన్నమ్మ చెప్పినదంతా చెప్పాను. ఏడాదిగా మోస్తున్న బరువు దించుకుంటున్నానని అనుకున్నాను.

పాప సముద్రం వైపు చూస్తూ వింది.

"తెలుసన్నా. మొన్న అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు తానే చెప్పింది. చెప్పి, జడ వేస్తానని నా తల పట్టుకొనింది. ఇంత జుట్టుకి జడ యేముండాది? అయినా కూర్చుంటిని." తడి కొంగు పిండుకుంది. "అమ్మ మింద కోపం ఎప్పుడో పోయింది. మీరంతా ఆ కథ చెప్పుకొంటిరే, అప్పుడల్లా నేను ఆడ్నే ఉంటిని. నువ్వూ ఉంటివి. ఇన్నేండ్లలో ఒక్క నాడన్నా నన్నడిగినావా, చెయ్యి నొస్తుందా పాపా అని?"

అడగలేదు. అమ్మను తలుచుకుని, చిన్నమ్మను తలుచుకుని, నన్ను నేను తలుచుకుని బాధపడ్డాను. నా బాధే నాకు పెద్ద పనిగా ఉండింది. ఆ చేతికి నొప్పి ఉంటుందన్న సంగతే నాకు తట్టలేదు.

"నొస్తుందా?" అన్నాను.

"కొన్ని దినాలు" అంది పాప. లేచి బట్టలకంటిన ఇసుక దులుపుకుంది. "పోదాం. ఆయన పిల్లోళ్ళకి వండి పెట్టి కాసుకొనుంటారు."

తిరుగు బస్సు పట్టుకున్నాం. ఆండిపట్టి కనుమ ఎక్కుతుండగా వాన అందుకుంది. పాప కిటికీ పక్కన కూర్చుంది. నేను లేచి షట్టరు దించబోతే అది సగంలో బిగుసుకుపోయింది. జల్లు లోపలికి కొడుతూనే ఉంది. పాప తన ముఖం తుడుచుకోలేదు. ఒళ్ళో ఉన్న చిన్నమ్మ ఖాళీ బుట్ట తడవకుండా దాని మీద తన చీర కొంగు కప్పింది.