సొట్టల డ్రమ్ము

నిన్న నేను స్టీల్ పాన్ అనే లోహపు డ్రమ్ము వాయించడం నేర్పే క్లాసులో ఓ పాప, తన పాన్ నిండా సొట్టలున్నాయని మూతి ముడిచింది. ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్లో నేను చదివిన మూడో తరగతి గుర్తొచ్చింది.

స్కూలు బ్యాండులో కొత్తగా చేరానని పాడైన డ్రమ్ము నాకు అంటగట్టారనుకున్నాను. నాన్న షాపులో కార్లకి సొట్టలు తీసేవారు. "నాన్నా, నా డ్రమ్‌ని ఫిక్స్ చెయ్యవా?" అన్నాను. మర్నాడు ఆయన సుత్తితో స్కూలుకొచ్చారు.

టీచర్ నవ్వలేదు. రబ్బరు తొడిగిన పుల్లతో ఒక్కో సొట్టనూ మెల్లగా తట్టారు. ఒక్కోటీ ఒక్కో స్వరం పలికింది. నాన్న సుత్తిని కోటు జేబులో దాచేశారు.

ఆ ఏడాది కాన్సర్ట్‌లో నేను వాయించాక, పక్క సీటు అంకుల్‌తో నాన్న గర్వంగా అన్నారు: "ఆ సొట్టలున్నాయే, ఒక్కటి కూడా తీయకూడదండీ."

నిన్న ఆ పాప చేతికి పుల్ల అందిస్తూ నాన్న మాటే చెప్పాను.