వాత కాదని పట్టుకున్న నర్సమ్మ

మా ఊరి సర్కారు దవాఖానలో పనిచేసిన నర్సమ్మ వనపర్తిలో పోయిందని మొన్న పొద్దున పాలామె చెప్పింది. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి ఆర్పానో లేదో అని మూడుసార్లు చూసి వచ్చాను. చదువు అంతగా రాదు. అయినా మీకు చెప్పకపోతే ఊపిరాడదని రాస్తున్నాను.

ఆమెకు ఒక అలవాటు. పిల్లలను ముట్టుకునే ముందు అరచేతులు రుద్ది వెచ్చ చేసుకుని, "చెయ్యి పెట్టనా బిడ్డా?" అని అడిగేది.

"పోరగాండ్లను గూడ అడుగుతరా?" అని నేను నవ్వితే, "నిన్ను అడగకుండ సూది ఇస్తే ఊకుంటవా అవ్వా?" అనేది.

తల్లి లేని నా మనవరాలికి అప్పుడు ఆరేళ్లు. జ్వరమొస్తే తీసుకుపోయాను. నర్సమ్మ పిల్లను అడిగి గౌను పైకి జరిపితే వీపు మీద మూడు కాలిన మచ్చలు కనిపించాయి.

"ఇదేంది అవ్వా?"

"కడుపునొప్పికి వాతలు పెట్టించిన," అన్నాను. సూది కాల్చి పెట్టించడం మా వైపు ఉన్నదే కదా, నమ్ముతుందనుకున్నాను.

ఆమె తలుపు దగ్గరికి వేసి, కొంగు జరిపి తన కడుపు చూపింది. బొడ్డు చుట్టూ పాత వాతలు.

"మా అమ్మ నాకూ పెట్టించింది. కడుపునొప్పికి కడుపు మీద పెడ్తరు. వీపు మీద, బీడీ మొనంత గుండ్రంగ, ఎవరు పెట్టిండ్రు?"

నేను పిల్ల గౌను కిందికి లాగాను. నా కొడుకు పెబ్బేరు సంతకు పోయి వచ్చినప్పుడల్లా తాగేవాడు. వాడు జైలుకు పోతాడనే నా భయమంతా. ఆమె నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్లతో మెల్లగా మాట్లాడింది. "నాయిన" అని పిల్ల అన్నది నాకు వినపడింది.

"ఎవరికీ చెప్పకు నర్సమ్మా, నీ కాల్మొక్త."

"దాస్తనని మాటియ్యను అవ్వా. డాక్టరు సారుకు చెప్త, పిల్లల ఆఫీసోళ్లకు ఫోన్ చేస్త. కొడుకు కోసం గింత పరేషాన్ అయితున్నవు. జర ఈ పిల్ల కోసం గూడ పరేషాన్ కా."

పోలీసులు వచ్చి నా కొడుకును తీసుకుపోయారు. ఊరు ఆమెను తిట్టింది. నేనూ వాకిట్లో నిలబడి తిట్టాను. అయినా ప్రతి వారం పిల్లను చూడడానికి వచ్చేది. "ఇయ్యాల ఎన్ని తిట్లు అవ్వా? జల్ది కానియ్, బస్సు పోతది," అనేది. తప్పు నాదేనని ఆమెతో రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఇన్నేళ్లు గడిపాను.

మొన్ననే ఇద్దరం వనపర్తి పోయాం. మనవరాలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పడుకోబెట్టిన నర్సమ్మ మీద పూలు పెట్టబోయి ఆగింది. వాటిని నా చేతికిచ్చి, తన అరచేతులు రెండూ చాలాసేపు రుద్దుకుంది. వంగి చెవి దగ్గర ఏదో అడిగి, అప్పుడు ఆమె చల్లటి చేతి మీద చెయ్యి పెట్టింది.