చెప్పు రబ్బరు మూత

ఏడో తరగతిలో నేను బడి మానేసినప్పుడు బడికి పెద్ద నష్టమేమీ జరగలేదు. నాకు మాత్రం ఒక ధైర్యం మిగిలింది: ఇంజన్ల గురించి నాకు తెలియనిదేమీ లేదని. ఆ ధైర్యమే ఒక రోజు నా భార్యను అడవి మధ్యలో ఇరికించబోయింది.

అప్పుడామెకు ఎనిమిదో నెల. రంగత్ ఆస్పత్రి డాక్టరమ్మ బీపీ చూసి, మళ్లీ చూసి, ఈరోజే పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లమంది. అంబులెన్సు ఇంకో కేసుతో వెళ్లింది, మధ్యాహ్నానికి వస్తుందన్నారు. "మన కారు ఉండగా అంబులెన్సు దేనికండీ?" అని గొప్పగా అన్నది నేనే.

వెనక సీట్లో నా భార్య తన తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ఆ తల్లి నాకు సొంత మేనత్త కూడా. అంటే నన్ను తిట్టడానికి ఆవిడకు రెండు లైసెన్సులు.

బారాటాంగ్ ఎత్తులు ఎక్కుతుంటే వేడి చూపించే ముల్లు కదిలింది. ఎప్పుడూ మధ్యలో కునికే ముల్లు ఎర్రగీత వైపు నడవడం మొదలుపెట్టింది. అత్తకు కనబడకుండా భుజం అడ్డం పెట్టాను.

"ఏట్రా, అలగ వొరిగిపోతన్నావు? నిద్దరొత్తందా?"

"లేదత్తా, మలుపు."

"రోడ్డు తిన్నగా ఉంటే మలుపంటాడేటి ఈడు!"

ఫెర్రీ మీద ఇంజన్ ఆపేశాను. నీళ్లు దాటేంతసేపూ ముల్లు చల్లబడిందేమోనని తాళం తిప్పి చూడటం, మళ్లీ ఆపడం. అవతలి ఒడ్డున కాన్వాయ్ వరసలో నిలబడ్డాం. గేటు దాటితే జారవా ఆదివాసుల అడవి. ముందొక పోలీసు బండి, వెనకొకటి. కదిలాక గంటన్నర దాకా ఎవరూ ఆగకూడదు, దిగకూడదు. మా దీవుల వాళ్లకు అది చిన్నప్పటి అలవాటు, టీ తాగడమైనా మరొకటైనా గేటు ఇవతలే కానిచ్చుకుంటాం. ఇంజన్‌కు ఆ అలవాటు ఎవరు నేర్పుతారు? లోపల ఉడికి ఆగిపోతే ఫోను పలకదు, మెకానిక్కు ఉండడు. ఆగిపోదామంటే తర్వాతి కాన్వాయ్‌కి ఇంకా గంటలు పడుతుంది. గేటు తీయడానికి ఇరవై నిమిషాలుంది.

"తల నొప్పెడతంది. కళ్ల ముందు మెరుపులొత్తన్నాయి" అంది నా భార్య.

బానెట్ ఎత్తాను. కారు కింద చుక్క తడి లేదు, కాబట్టి నీళ్లు కారడం లేదు. ఇంజన్ వేస్తే ఫ్యాను గిర్రున తిరిగింది, దాని తప్పూ లేదు. పక్కనున్న తెల్ల ప్లాస్టిక్ బాటిల్లో నీళ్లు గీత పైదాకా ఉన్నాయి. రోజూ పొద్దున నేను చూసేది ఆ బాటిలే. అది చూసి, బండి భేష్ అని బానెట్ మూసేసేవాణ్ణి. రేడియేటర్ పైగొట్టాన్ని గుడ్డతో నొక్కాను. వేడి మీద రాయిలా ఉండాల్సింది మెత్తగా నొక్కుకుపోయింది. లోపల ఒత్తిడి లేదన్నమాట.

కాసేపు ఆగి, తడిగుడ్డ వేసి, రేడియేటర్ మూతను కొంచెం కొంచెంగా తిప్పాను. బుస్సుమనాల్సింది, నిట్టూర్పు కూడా రాలేదు. లోపల చూస్తే ఖాళీ. మూత తిరగేశాను. దాని అడుగున రబ్బరు మాడి, చేప పొలుసులా పైకి లేచింది. ఆ రబ్బరు నేను పెట్టిందే. అసలుది పాడైతే, కొత్త మూత ఓడలో వచ్చేదాకా ఆగలేక ఇంట్లో దొరికిన హవాయి చెప్పు గుండ్రంగా కోసి తొడిగాను. అది బిగువు పట్టక, వేడెక్కిన నీళ్లన్నీ బాటిల్లోకి పోయాయి. చల్లబడ్డాక వెనక్కి లాక్కోవడం దాని వల్ల కాలేదు. బాటిల్ నిండుతూ వచ్చింది, రేడియేటర్ ఎండుతూ వచ్చింది. నేను బాటిల్ని మెచ్చుకుంటూ వచ్చాను.

అత్త దిగి వచ్చి నా చేతిలోది చూసింది. నీలం రంగు ఇంకా కొంచెం మిగిలే ఉంది.

"ఇది నా సెప్పు కాదేటి?"

"అత్తా, తర్వాత కొట్టు. ముందు నీళ్లియ్యి."

"కొట్టడానికి సెప్పేదిరా, నువ్వే కోసేసినావు కదా!" అంటూనే తాగే నీళ్ల సీసాలు రెండూ నా చేతిలో పెట్టింది.

నీళ్లు సరే, మూత? టీ కొట్టు పక్కన అచ్చం మా కారులాంటిదే నిలబడి ఉంది. పరుగెత్తి టీ కొట్టు ఆమెను అడిగాను.

"దీదీ, ఆ గాడీ ఎవరిది?"

"మేరా మర్ద్ కా. క్యో?" మా ఆయనదే, ఎందుకని అడిగింది.

"దాని ఢక్కన్ ఇవ్వు దీదీ. కారులో నా పెళ్లాం ఉంది, ఆస్పత్రికి."

ఆమె మా కారు వైపు ఒకసారి చూసింది. "లే జావో. బస్ మే భేజ్ దేనా" అంది. తీసుకెళ్లి, తర్వాత బస్సులో పంపేస్తే చాలట. మా రోడ్డు మీద మందులు, చేపలు, పెళ్లి కార్డులు అన్నీ బస్సు డ్రైవరు చేతుల మీదుగానే తిరుగుతాయి, మూత ఒక లెక్కా?

ఇంజన్ నడుస్తుండగా సన్నధారగా నీళ్లు పోశాను. బుడగలు వస్తూనే ఉన్నాయి. బుడగలు ఆగందే మూత పెట్టకూడదు, లోపల గాలి ఉండిపోతుంది. పోలీసు విజిల్ వేశాడు. ముందు బండి కదిలింది. ఇంకొక బుడగ, ఇంకొకటి. ఆగాయి. మూత బిగించి సీట్లో పడ్డాను.

అడవిలో హీటరు పూర్తిగా తిప్పి పెట్టాను. ఇంజన్ వేడి కొంత మా మీదికే లాక్కుందామని.

"ఉడకబెట్టేత్తన్నావు కదరా!"

"ముల్లు ఎక్కడుందో చూడత్తా."

"మద్దెలోనే ఉంది. రోడ్డు సూడు."

"దాని తలనొప్పి ఎలాగుంది?"

"అలగే ఉంది. రోడ్డు సూడమన్నానా!"

గంటన్నరా ఇవే మాటలు. నా భార్య కళ్లు మూసుకునే ఉంది. ఒక్కసారి మాత్రం, "బండి బాగానే ఉందా?" అని అడిగింది. బాగుందన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆస్పత్రిలో ఆమెను వెంటనే చేర్చుకున్నారు. అక్కడి డాక్టరమ్మ ఆమె పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. "ఈ వాపు ఎన్నాళ్ల నుంచి?" అని నన్నడిగింది. నాకేం తెలుసు? నెల రోజులుగా చర్చిలో అందరూ, మొహం ఎంత నిండుగా ఉందో అంటుంటే, నేను పెట్టిన తిండే అని మురిసిపోయినవాణ్ణి.

పద్నాలుగు రోజులు వార్డులో ఉంచారు. రోజూ పొద్దున కిందికి దిగి, ఇంజన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి, వేలు పెట్టి నీళ్లు చూసేవాణ్ణి. తర్వాత పైకొచ్చి ఆమె పాదం నొక్కి చూసేవాణ్ణి. ఒక పొద్దున గుంట లోతు తగ్గినట్టనిపించి మళ్లీ నొక్కబోతే ఆమె కాలు లాక్కుంది.

"నా కాలొదులు. ముందు ఆ దీదీ మూత పంపినావా?"

పంపలేదు. ఆ మధ్యాహ్నమే కొత్తది కొని, ఆ మూతను బస్సు డ్రైవరు చేతిలో పెట్టి వచ్చాను. వచ్చేసరికి ఆమెను కాన్పు గదిలోకి తీసుకెళ్లి చాలాసేపైంది. గుమ్మం దగ్గర అత్త కొత్త హవాయి చెప్పులు రెండూ విప్పి చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"పాపేరా" అంది. "ఇద్దరూ బావున్నారు." చెప్పులు మాత్రం చంకలోంచి తీయలేదు.