ఉండాయి, ఉండారు

కుక్కరు, అందులోంచి తీసిన చామగడ్డలు, గిన్నెలో నానుతున్న చింతపండు, ఒక పాత పళ్లెం, నేను. ఆదివారం ఉదయం ఎమ్మిగనూరులోని మా వంటింట్లో ఉన్నవి ఇవే. ఉడికిన గడ్డను రెండు వేళ్లతో నొక్కితే తొక్క ఊడి జారింది. వేళ్లకు జిగురు, వెంటనే మణికట్టు దగ్గర చిన్న దురద. ఆ దురద మొదలైతే నాగమ్మవ్వ గుర్తుకు రాకుండా ఉండదు.

నాగమ్మవ్వ మాకు చుట్టం కాదు. కౌతాళం వైపు మా ఊళ్లో మా గోడకు అవతలి గోడ ఆమెది. చుట్టూ పత్తి చేలు. కాలువ గట్టు కింద ఊట నీరు నిలిచే చోట గది వెడల్పు మడి చేసుకుని ఆమె చామ వేసేది. నేను డిప్లొమా చదివి బిందుసేద్యం పైపులు బిగించే పనిలో చేరాను. ఏది చూసినా కొలవాలనిపించేది. ఒకసారి ఆమె గడ్డ నాటుతుంటే ఎంత లోతు అని అడిగాను.

"లోతు నీకు యాలప్పా, నువ్వు గాని దిగుతావా గుంతలోకి?" అంది నవ్వుతూ. "గడ్డ కుచ్చుంటే సాలు. కుచ్చున్నాదో లేదో దాన్నే అడుగుపో."

ఆమె మాటల్లో అన్నీ మనుషుల్లాగే మెలిగేవి. నీళ్లు తగ్గితే చామ చెవులు వాల్చేది. నీరు వదలని వారం కాలువ పండుకునేది. మబ్బు పట్టి కురవకపోతే మొగులు అలిగిపోయేది. మధ్యలో ఊరే పెద్ద గడ్డ తల్లి, దాని చుట్టూ పుట్టేవి పిల్లలు. మొదట్లో ఇవి అవ్వ ముద్దు మాటలనుకున్నాను. వినగా వినగా, దగ్గర నిలబడి చూసినవాళ్లే అలా అనగలరని అర్థమైంది. ఇప్పటికీ ఏ రైతు పొలంలో దిగినా ప్రెజర్ మీటరు కన్నా ముందు ఆకును చూస్తాను.

పెళ్లయి ఎమ్మిగనూరులో కాపురం పెట్టాక, పెరట్లో వేయడానికి విత్తనపు గడ్డలు కావాలని ఆమెను అడిగాను. తవ్విననాడు ఫోన్ చేస్తానంది.

ఆ ఏడు నా భార్య సునీత కడుపులో కవలలున్నారని స్కానింగులో తెలిసింది. ఆమె పుట్టిల్లూ మా ఊరే. నెలలు నిండకముందే ఒక ఉదయం నొప్పులు మొదలై, ఆమెను పుట్టింటి నుంచి నేరుగా ఆదోని ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆ కబురు అందేసరికి నేను పని మీద ఒక పొలంలో ఉన్నాను. ఆసుపత్రిలో ఉన్న మా అత్తకు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. బండి దగ్గరికి చేరేసరికి నా ఫోన్ మోగింది. నాగమ్మవ్వ.

"అప్పా, తల్లి పోయిందప్పా. ఏం సేసినా మిగల్లేదు."

లైను తెగింది.

ఆదోనిలో మావాళ్లకు ఏం జరిగినా ముందు తెలిసేది మా ఊళ్లోవాళ్లకే. ఆ మాటను అనుమానించడానికి నాకు కారణం కనబడలేదు. బండికి తాళంచెవి పెట్టాను, తిప్పడం చేతకాలేదు. దిగి గట్టు మన్నులో కూర్చున్నాను. ఫోన్ మళ్లీ మోగింది.

"యాడికి పోతివప్పా, మాట్లాడతాంటేనే? పిల్లలు మాత్రం బాగుండాయి. గట్టిగా ఉండాయి."

ఆ చివరి అక్షరం దగ్గర నా మనసు ఆగింది. తల్లి పోయింది అన్నప్పుడు మన భాష ఆడమనిషినీ గడ్డనూ వేరు చేయదు. పిల్లలు అన్నచోట వేరు చేస్తుంది.

"అవ్వా, ఉండాయా? ఉండారా?"

"ఇదేం సోద్యమప్పా! గడ్డల్ని యాడన్నా ఉండారు అంటారా?" అవ్వ పకపకా నవ్వింది. "ఊట ఎక్కువై తల్లి కుళ్లింది. పిల్లలు నీ ఇత్తనానికి సాలు. గొంతు యాలప్పా అట్లుంది?"

చెప్పాను. తెల్లవారినప్పటి నుంచి మడిలోనే ఉన్న ఆమెకు సునీతను ఆదోనికి తీసుకెళ్లిన సంగతి తెలియదు.

"నా నోట్లో మన్నుబడ," అంది. "ఫోను పెట్టేయప్పా. బండి మెల్లగా తోలు. పోయినాంక సెప్పు నాకు. పేరు పెట్టి సెప్పు."

ఆసుపత్రి మెట్ల మీద అత్త ఎదురొచ్చింది. ఫోన్ సంచిలో ఉండిపోయిందట. ఆమె నవ్వు ముఖం చూడగానే నాకు విపరీతంగా ఆకలి వేసింది. లోపల సునీత మెలకువగానే ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసి, "ప్యాంటుకంతా ఆ మన్నేంది?" అంది.

నాగమ్మవ్వ నిరుడు చనిపోయింది. ఆ వార్త మావాళ్లకు నేనే చెప్పాను. ముందు పేరు, తర్వాత ఇంటి గుర్తు, ఆ తర్వాతే విషయం. పనిలోనూ అంతే. "నువ్వు సేసేది ఫోనా, పంచనామానా అన్నా?" అని కుర్రాళ్లు ఏడిపిస్తారు. ఏడిపించనీ. అలా చెప్పిన మొదటి ఫోన్ ఆ సాయంత్రం అవ్వకు చేసిందే. సునీత బాగుంది అన్నాను. ఆడపిల్లలు, బాగుండారు అన్నాను.

"తల్లితో కలిపి మొత్తం ఎందరప్పా?" అంది.

ముగ్గురు.