ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పటి చప్పుడు

ఓవర్‌బ్రిడ్జి సగం ఎక్కేసరికి మా ఆవిడ వెనక నుంచి నా భుజం మీద పొడిచింది. ఏ చున్నీయో చక్రంలో పడిందనుకుని బండి పక్కకి తీశాను. "ఏటండి ఆ చప్పుడు? డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గలగలమంటోంది," అంది. నేను బండి మీద కూర్చునే రేజ్ చేసి, మెడ వంచి విన్నాను. గలగలా లేదు, గిలగిలా లేదు, ఎప్పటిలాగే గుడగుడమంటోంది. ఆగి ఉంటే రావట్లేదు, ఎక్కేటప్పుడే వస్తోంది అంది ఆవిడ. నీ గాజులే అయుంటాయి అన్నాను. రెండు చేతులూ చాపి నా మొహం ముందు పెట్టింది. చేతికి ఒక్కటంటే ఒక్క గాజు ఉంది.

మా బిలాస్‌పూర్ దగ్గర కోట అనే ఊళ్లో ఉన్న మా వదినగారి ఇంటికి వెళ్తున్నాం ఆ రోజు. ఆ ఊరి స్టేషన్ కర్గీ రోడ్ చేరేలోపు ఆవిడ ఇంకో నాలుగు సార్లు పొడిచింది. రోడ్డు కాస్త లేచిందంటే చాలు, వేలు దిగేది. నాకసలే ముక్కు మీద కోపం. వదినగారింట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడకుండా ముద్ద మింగి వచ్చేశాను.

అంత కోపం ఎందుకంటే, మాది చెవితో బతికిన ఇల్లు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైలు పట్టాల గ్యాంగు పనికి బిలాస్‌పూర్ వచ్చాడు. మా నాన్న ఇక్కడే లోకో షెడ్డులో ఫిట్టరు. ఇంజన్ బాగాలేదంటే పొడుగు స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. ఏటి పోయిందో విప్పకుండానే చెప్పేసేవాడు. నేను లోకో పైలట్‌ని. పాతికేళ్లు దాటిపోయింది రైలు బండ్లు నడుపుతూ. అలాంటివాడి మోటార్‌సైకిల్లో వాడికే తెలీని చప్పుడు ఉందంటే, అదీ గాజులు వేసుకున్న మనిషి చెబితే, ఒళ్లు మండదా? అప్పుడు నా బుద్ధి అంతే ఉండేది, దాచడమెందుకు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నెలాఖరుకి నాకు మెడికల్. బండి నడిపే వాళ్లకి కొన్నేళ్లకోసారి కళ్లూ చెవులూ అన్నీ పరీక్ష చేస్తారు. అందులో తప్పామంటే ఇంజన్ దిగిపోవాల్సిందే. జీతం ఎక్కడికీ పోదు, ఏదో ఆఫీసులో కుర్చీ వేస్తారు. కానీ కుర్చీలో కూర్చోవడం నాకు చేతకాదు. నేను కళ్లకి భయపడి రోజూ కేరట్లు నమిలాను. చెవుల మాట నా తలలోకే రాలేదు.

డ్యూటీల మధ్య మేం నడుం వాల్చే రన్నింగ్ రూములో నా బండి ముచ్చట తెస్తే ఒక్కొక్కడూ ఒక్కో శాస్త్రం చెప్పాడు. ఒకడు వంద నంబరు పెట్రోలు పోస్తే విమానంలా ఎగురుతాదన్నాడు. ఇంకొకడు ఇదంతా పెట్రోల్లో కలిపే ఇథనాల్ మహిమ అన్నాడు. నేను మాత్రం పెట్రోలు పెట్రోలే, నంబర్లన్నీ జేబు ఖాళీ చేసే పేర్లు అన్నాను. బండి కొన్నప్పటి నుంచి మామూలుదే పోస్తున్నాను మరి. బదిలీ మీద పోతున్న ఒక ఇంజనీరుగారి దగ్గర కొన్నాను దాన్ని, నా ఈడువాళ్లంతా స్కూటీలకి దిగిపోతున్న వయసులో. ఆయన తాళం చెవితో పాటు ఏదో చిన్న పుస్తకం కూడా ఇచ్చాడు. చదవకుండా అటక మీద పడేశాను.

మా ఆవిడ పోరు పడలేక చివరికి తెలిపారా బజార్లో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ కూడా వచ్చింది, నేను చప్పుడు సంగతి దాచేస్తానని. ఆయన బండి విప్పలేదు. ట్యాంకు మూత తెరిచి, లోపలి వైపు అంటించిన కాగితం మీద మసి తుడిచాడు. ఆక్టేన్ తొంభై ఐదు అని ఉంది. ఏ పెట్రోలు పోస్తున్నావని అడిగాడు, చెప్పాను. తల పట్టుకున్నాడు.

"ఆక్టేన్ అంటే తాకత్ కాదు సాబ్, సబర్," అన్నాడు. బలం కాదు, ఓర్పు అని. నా బండి ఇంజన్ పెట్రోలుని గట్టిగా నొక్కుతుందట. తక్కువ నంబరుది ఆ నొక్కుడుకి తాళలేక, నిప్పురవ్వ రాజేసిన మంట తన దాకా వచ్చే వరకు ఆగకుండా ముందే తనంతట తాను పేలిపోతుందట. ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే గలగల అదే. అలా పేలి పేలి పిస్టన్ని తినేస్తుంది. అంతగా నొక్కని చిన్న బండికి పెద్ద నంబరు పోసినా ఒరిగేదేమీ లేదు, డబ్బు దండగ. ఏ బండికి ఎంత ఓర్పు కావాలో మూత మీద రాసి ఉంటుంది, చదువుకోవాలి, అంతే. మా ఆవిడ పక్కకి తిరిగి నవ్వింది. ఆక్టేన్ తక్కువైంది బండికి కాదు, ఈయనకే అంది. మెకానిక్‌కి తెలుగు రాకపోయినా విషయం అర్థమైనట్టుంది, ఆయన కూడా నవ్వాడు.

తర్వాత నన్ను వెనక కూర్చోబెట్టుకుని తనే బండి తీశాడు. ఎత్తు దగ్గర టాప్ గేర్లో ఉంచి, కావాలని నెమ్మదిగా ఎక్కించాడు. తల వెనక్కి తిప్పి, వినిపిస్తోందా అని అడిగాడు. నేను తల ఊపాను. నిజానికి నాకు ఏమీ వినపడలేదు. ఆయన నా మొహం వైపు ఒక్కసారి చూసి, మళ్లీ రోడ్డు చూసుకున్నాడు. వినపడకపోయినా తల ఊపేయడం నాకు ఎప్పటి నుంచి అలవాటైందో తెలీదు. అంత సులువుగా ఊగింది నా తల.

ఆ సాయంత్రమే పాత పెట్రోలు డబ్బాలోకి తీసేసి, లింగియాడీహ్ వైపు బంకులో తొంభై ఐదు పోయించాను. ఓవర్‌బ్రిడ్జి ఎక్కాం. పోయిందండీ, హాయిగా ఉంది అంది మా ఆవిడ. నాకు మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం నేను. పెట్రోలు మార్చినట్టు తెలుసు కాబట్టి అలా అంటోందనుకున్నాను. మర్నాడు ఆవిడకి తెలీకుండా మళ్లీ ట్యాంకు ఖాళీ చేసి, డబ్బాలో ఉన్న మామూలుదే పోశాను. కూరగాయలకి వెళ్దాం రా అని బయల్దేరదీశాను. బ్రిడ్జి సగంలో భుజం మీద వేలు దిగింది. రెండు రోజులాగి తొంభై ఐదు పోశాను. ఆవిడ బ్రిడ్జి పొడుగునా వంకాయల ధర గురించే మాట్లాడింది, చప్పుడు మాటే లేదు. మూడోసారి మళ్లీ మామూలుది. ఈసారి ఆవిడ వాళ్ల అక్కతో ఫోన్లో ఉంది. ఫోన్ చెవికి అలాగే ఉంచి, మాట ఆపకుండానే, రెండో చేత్తో పొడిచింది. ఇంటికి ఎలా వచ్చామో గుర్తు లేదు.

ఆవిడ పక్కింటికి వెళ్లినప్పుడు నాన్న స్క్రూడ్రైవర్ వెతికి తీశాను. క్వార్టర్ వెనక వసారాలో బండి స్టార్ట్ చేసి, మొన ఇంజన్ మీద, పిడి చెవి వెనక పెట్టాను. గుడగుడ బాగానే వినపడింది. ఇంజన్ పైభాగంలో కొట్టుకునే టాపెట్ల సన్నటి టిక్‌టిక్ ఉంటుంది, చిన్నప్పుడు నాన్న మొట్టమొదట నాకు వినిపించింది అదే. అది లేదు. రెండో చెవికి పెట్టుకున్నాను. అక్కడా లేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. ఫోన్‌కి కొత్త రింగ్‌టోను పెట్టుకున్నాను, పాతది సన్నగా ఉందని. హోరులో పనిచేసినవాడికి ఇంట్లోనైనా నిశ్శబ్దం దొరికిందని సంతోషించాను. అన్నిటికంటే సిగ్గు ఏమిటంటే, మా కాలనీలో దోమలు తగ్గిపోయాయని నేను నలుగురిలో చెప్పుకు తిరిగాను. మునిసిపాలిటీ వాళ్లని మెచ్చుకున్నాను కూడా. దోమలు ఎక్కడికీ పోలేదు, రోజూ కుడుతూనే ఉన్నాయి. వాటి పాట నాకు వినపడటం మానేసింది.

తర్వాతి డ్యూటీ కట్నీ వైపు గూడ్సు. పట్టపగలు. కర్గీ రోడ్ దాటుతుంటే స్టేషన్ వాళ్లు వాకీటాకీలో పలకరించారు. అలవాటు ప్రకారం ఆల్ రైట్ అని జవాబిచ్చాను. నా అసిస్టెంట్ చటుక్కున లేచి, సర్, ఆపమంటున్నారు, వెనక ఒక వ్యాగన్ తలుపు ఊడి వేలాడుతోందట అని గట్టిగా చెప్పాడు. బ్రేకు వేశాను. దిగి తలుపు కట్టేశారు, మళ్లీ బయల్దేరాం. ఏమీ కాలేదు. నేను మాత్రం వాళ్లన్నది వినకుండానే ఆల్ రైట్ అనేశాను.

కొంతదూరం పోయాక అడిగాను, వాకీటాకీ బాగానే ఉందా అని. బాగానే ఉంది అన్నాడు. ఏడాదిగా ఎక్కువ ట్రిప్పులు నాతోనే వస్తున్న మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, మర్యాదస్తుడు. కిటికీలోంచి సిగ్నల్ వైపే చూస్తూ హిందీలో నెమ్మదిగా, కాదు, గట్టిగానే అన్నాడు:

"సర్, ఏడాది నుంచి మీకు అన్నీ రెండోసారి చెబుతున్నాను. నేనొక్కడినే కాదు. మీతో ఎవరు వచ్చినా ముందువాడు వాడికి చెప్పి పంపుతాడు, సర్‌తో గొంతు పెంచి మాట్లాడమని."

ఇంకోరోజైతే మండిపడేవాణ్ణి. ఆ రోజు కోపం రాలేదు. నా మీద ఇంతమందికి ఇంత దయ ఉందని తెలిసి ఏడుపొచ్చింది, ఆ దయే కొంప ముంచుతుందని భయమూ వేసింది. అందరూ కలిసి తమ ఓర్పుని తొంభై ఐదులా నా చుట్టూ పోస్తూ వచ్చారు. చప్పుడు పైకి రాలేదు గానీ లోపలి గలగల అలాగే ఉంది. ఏదో ఒకరోజు ఈ సంగతి తెలీని మనిషి నా పక్కన కూర్చుంటాడు. ఒక్కసారే చెబుతాడు, మెల్లగా.

ఇంటికి వచ్చి రెండు రోజులు ఏమీ చెప్పలేదు. అన్నం పెడుతూ మా ఆవిడ ఏదో అడిగింది, నేను తల ఊపాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అని నవ్వబోయి, సగంలో నాలిక కరుచుకుంది. గరిటె గిన్నెలో పెట్టేసి నా ఎదురుగా కూర్చుంది. నా మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి అంది. అలా విడదీసి మాట్లాడటం ఆవిడకీ ఎప్పుడో అలవాటైపోయిందని అప్పుడే గమనించాను.

"బండికైతే తొంభై ఐదు పోశాం, చప్పుడు పోయింది. మీకేటి పొయ్యమంటారు?"

ఇంజన్ దిగిపోతే నేను ఎవర్ని అని అడగాలనుంది, నోరు రాలేదు. ఆవిడ కూడా ఇది చెయ్యి అది చెయ్యి అనలేదు. ఈసారి మెడికల్‌కి నేనూ వస్తాను అంది, అంతే.

మెడికల్ రోజున మా ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది. కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. కేరట్ల పుణ్యం. చెవులకి నన్ను గోడ వైపు తిప్పి నిలబెట్టారు. డాక్టరుగారు వెనక దూరంగా నిలబడి మెల్లగా ఒక్కో మాట అంటారు, మనం తిరిగి అనాలి. నా ఎదురుగా అద్దాల బీరువా ఉంది. అందులో డాక్టరుగారి మొహం కనిపిస్తోంది. పెదాలు కదిలాయి. "పానీ" అన్నాను. సరే అన్నట్టు తల ఊపారు. మళ్లీ కదిలాయి. "కితాబ్" అన్నాను. అదీ సరే.

రెండు మాటలూ సరిగ్గా చెప్పాక తెలిసింది నాకు, ఒక్కటీ వినలేదని. పెదాలు చదివేశాను. ఎవరూ నేర్పకుండానే, నాకే తెలీకుండా, ఎప్పుడు నేర్చుకున్నానో నేర్చేసుకున్నాను. ఇంకో మూడు మాటలు చదివేస్తే చాలు, మళ్లీ కొన్నేళ్ల దాకా నా ఇంజన్ నాదే. ఎవరూ తప్పు పట్టేది లేదు. చాలా ఆశపడ్డాను. ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ వాకీటాకీకి పెదాలు ఉండవు కదా.

నేను కళ్లు మూసుకున్నాను. నాన్న స్క్రూడ్రైవర్ పెట్టుకుని మూసుకున్నట్టే మూసుకుని, ఉన్న శక్తినంతా చెవుల్లో పెట్టి నిలబడ్డాను. ఫ్యాను హోరు వినపడింది. ఇంకేమీ లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. అంతలో భుజం మీద చెయ్యి పడింది. ఒక్క క్షణం ఓవర్‌బ్రిడ్జి మీదున్నాం అనిపించింది. కళ్లు తెరిస్తే డాక్టరుగారు. మూడు మాటలు అన్నాను, ఒక్కటీ తిరిగి చెప్పలేదేం అని అడిగారు.

"వినపడలేదు సార్," అన్నాను.

మామూలుగానే అన్నాననుకున్నాను. కానీ బయట బెంచీ మీదున్న మా ఆవిడకి కూడా వినపడిందట.