మెరోయే గుడి గడప ముందు బూట్లు

2006 మే నెలలో మా దళం సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో దిగింది. విమానం తలుపు తెరవగానే బెల్లం వండే పొయ్యి ముందు నిలబడినట్లయింది. ఉష్ణోగ్రత నలభై నాలుగు డిగ్రీలు. మాది శాంతి పరిరక్షక దళం. ఒక్కొక్కరికి నీలి టోపీ, రైఫిలు, రెండు నీళ్ల సీసాలు, రెండు జతల బూట్లు. నేను సుబేదారును, మా ఊరు ఆలమూరు. నా లారీ డ్రైవరు సత్తిబాబుది మామిడికుదురు. మాకు చుట్టరికం లేదు. అయినా పక్కన ఎవరూ లేకపోతే నన్ను "బాబాయిగారూ" అనేవాడు.

మొదటి రోజే కెప్టెన్ ఆజ్ఞ ఇచ్చారు: బూటు దులపకుండా ఎవరూ కాలు పెట్టరాదు. అక్కడి పసుపు తేలు వేలెడంతే ఉంటుంది. కుడితే ప్రాణం దక్కకపోవచ్చు. సత్తిబాబు ప్రతి ఉదయం మంచం కోడుకు బూట్లను రెండుసార్లు కొట్టేవాడు. ఆ చప్పుడుకే మేమంతా లేచేవాళ్లం.

జూన్‌లో పోర్ట్ సూడాన్ రేవు నుంచి మా సామాన్లు తెచ్చే పని పడింది. ముందు కెప్టెన్ జీపు, వెనుక ఎనిమిది లారీలు, ఒక అంబులెన్సు. ఉత్తరంగా సుమారు రెండువందల కిలోమీటర్లు వెళ్లాక ఒక లారీ రేడియేటరు మరిగింది. అరగంట ఆగమన్నారు కెప్టెన్. రోడ్డుకు కుడివైపు ఇసుక దిబ్బ మీద మెరోయే పిరమిడ్లు కనిపించాయి. చూడదలచినవారు వెళ్లవచ్చన్నారు.

పిరమిడ్ అనగానే మనకు గుర్తొచ్చేది ఈజిప్టు. కైరో పక్కనున్న వాటిలో పెద్దదాని ఎత్తు నూట ముప్పై మీటర్ల పైమాట. మెరోయేవి వాటి తరువాత ఎన్నో శతాబ్దాలకు, అక్కడి రాజులు ఆ వరవడిలో కట్టుకున్నవి. సన్నగా, నిటారుగా ఉంటాయి. ఏదీ ముప్పై మీటర్లను పెద్దగా మించదు. చాలావాటికి కొనలు లేవు. నిధి ఉందనుకొని పడగొట్టారు. ఈజిప్టులో పెద్ద పిరమిడ్లకు నది ఒడ్డున ఒక గుడి, పిరమిడ్ పాదం వద్ద మరొక గుడి, రెంటినీ కలుపుతూ రాతి దారి ఉండేవి. చనిపోయిన రాజుకు పూజారులు నైవేద్యం పెట్టేవారు. మెరోయేలో అదంతా కుదించుకుపోయి ఒక్క గదిగా మిగిలింది. పిరమిడ్ తూర్పు ముఖానికి ఆనుకొని, మన గర్భగుడి అంత గది. లోపల గోడ మీద సింహాసనంపై రాజు. వెనుక రెక్కలు చాచిన దేవత. ఎదుట కుండతో నీళ్లు పోస్తున్న మనిషి.

సత్తిబాబు గడప ముందు ఆగి బూట్లు విప్పాడు.

"ఎందుకు విప్పేవు?" అన్నాను.

"గుడి కదండీ."

"పూజారి లేడు, దీపం లేదు. రెండువేల ఏళ్ల నాటి సమాధి ఇది."

"దీపం లేకపోతే గుడి కాకుండా పోద్దా అండీ? అమ్మవారు అదుగో, రెక్కలు చాపి నించున్నారు. బూట్లతో ఎలా వెళ్తాం బాబాయిగారూ?"

"అమ్మవారని నీకెవరు చెప్పేరు?"

"ఒకరు చెప్పాలా అండీ?"

బయట ఉన్న రేడియో ఆపరేటరు, తమిళుడు, నవ్వాడు. "అన్నా, ప్రసాదం ఉందా లోపల?"

"ఆయ్, ఉంది. నీకు మిగల్చనులే!" అంటూ సత్తిబాబు లోపలికి వెళ్లాడు.

కాసేపటికి కింద హారన్లు మోగాయి. దక్షిణాన ఆకాశం గోధుమరంగు గోడలా లేచి వస్తోంది. దుమ్ము తుపాను. సత్తిబాబు పరుగున బయటికి వచ్చి కుడి కాలిని బూటులోకి దూర్చాడు. శిబిరంలో ఒక్కరోజు కూడా దులపడం మరవని మనిషి. గుడిలోంచి బయటికి వచ్చిన కోనసీమవాడు మాత్రం చెప్పులు దులపడు, కాలు దూర్చి నడుస్తాడు. అలాగే దూర్చాడు.

ఒక్క అరుపు అరిచాడు. బూటు విసిరేశాడు. అందులోంచి తేలు పడింది.

అంబులెన్సును, దానికి దారి చూపడానికి కెప్టెన్ జీపును దిబ్బ దాకా రప్పించాము. "నా దగ్గర ఉన్నది నొప్పి మందే సార్," అన్నాడు వైద్య సహాయకుడు. "విషానికి విరుగుడు ఆసుపత్రిలోనే ఉంటుంది." ఆసుపత్రి ఉన్నది షెండీ పట్టణంలో, దక్షిణంగా. దుమ్ము వస్తున్నదీ అటునుంచే.

ఆపరేటరు హెలికాప్టరు అడిగాడు. రేడియో బదులిచ్చింది: "దుమ్ములో ఎగరదు. ఉన్నచోటే ఆగండి. ఓవర్."

మరు నిమిషంలో పగలు మాయమైంది. అంబులెన్సు కిటికీల సందుల్లోంచి కూడా దుమ్ము కురిసింది. సత్తిబాబు ఒళ్లంతా చెమట. నాడి లెక్కపెట్టబోయాను, అందలేదు, అంత వేగంగా కొట్టుకుంటోంది. నేను కూర్చోలేకపోయాను, నిలబడటానికి పైకప్పు అడ్డం. నిమిషానికొకసారి తలుపు తీయబోవడం, సహాయకుడు వద్దనడం.

"బాబాయిగారూ, అమ్మవారికి కోపం వచ్చిందంటారా?"

"మాట్లాడకు. ఊపిరి దాచుకో."

"కోపం కాదులెండి. బూట్లు విప్పేను కదా." నా చేయి పట్టుకొని, "బతుకుతానా అండీ?" అన్నాడు.

"బతుకుతావు," అన్నాను. అంకె లేకుండా మాట చెప్పని నేను, ఏ ఆధారమూ లేకుండా చెప్పిన మాట అది.

కెప్టెన్ షరతు ఒక్కటే: ముందున్న జీపు నంబరు పలక కనిపించాలి, అప్పుడే కదలాలి. ఆపరేటరు ముఖానికి గుడ్డ చుట్టుకొని అంబులెన్సు ముందు నిలబడ్డాడు. చాలాసేపు గాలి హోరు తప్ప ఏమీ వినిపించలేదు. చివరికి అతని కేక వినబడింది: "కనిపిస్తోంది సార్! వెళ్లండి!"

గంటకు ఇరవై కిలోమీటర్లు మించలేకపోయాము. దారిలో సత్తిబాబు మాటలు ఆగిపోయాయి. షెండీలో వైద్యుడు విరుగుడు ఎక్కించాడు. తెల్లవారి సత్తిబాబు కళ్లు తెరిచి, మంచినీళ్లు అడిగాడు. కుడికాలి రెండు వేళ్లకు మాత్రం స్పర్శ తిరిగి రాలేదు.

2007 మేలో ఇద్దరం స్వస్థలాలు చేరాము. ఇప్పుడతను మామిడికుదురు నుంచి కొబ్బరికాయల లారీ నడుపుతున్నాడు. ఏ గుడి నుంచి బయటికి వచ్చినా, చెప్పులు చేతిలోకి తీసుకొని మెట్టుకు రెండుసార్లు కొడతాడు.

"హవాయి చెప్పుల్లో ఏం దాక్కుంటాదయ్యా?" అని జనం నవ్వుతారు.

"ఆయ్, మీకు తెలీదండీ," అంటాడు.

నేను నవ్వలేను. ఆ రోజు అంబులెన్సు కదులుతుంటే వెనుక అద్దంలోంచి చూశాను. కుడి బూటు ఎటు పడిందో కనిపించలేదు. ఎడమది మాత్రం అతను విప్పినచోటే, గడప ముందు, ముక్కు రెక్కల దేవత వైపు పెట్టి ఉంది. ఇసుక అప్పటికే లేసుల దాకా ఎక్కింది.